బిల్లు మీద ఎవరి పేరు?

ఈ మధ్య సింగరాయకొండలో పొదుపు సంఘాల స్త్రీలతో కూర్చుని మాట్లాడుతున్నప్పుడు ఒక తల్లి లేచి ఒక ప్రశ్న అడిగింది. ఆమె కూతురు పెళ్ళయి అమెరికా వెళ్ళి నాలుగేళ్ళయింది. బిడ్డను బడిలో చేర్చటానికి వెళితే, ఆ ఊళ్ళోనే ఉంటున్నట్టు రుజువు కోసం చేర్చటానికి వచ్చిన మనిషి పేరు మీద ఒక కాయితం చూపించమన్నారట. కరెంటు బిల్లో, నీళ్ళ బిల్లో, ఇంటి అద్దె ఒప్పందమో, ఏదైనా ఫర్వాలేదన్నారట. ఇల్లంతా వెతికినా ఆ అమ్మాయి పేరుతో ఒక్క కాయితం దొరకలేదు. భర్త వేరే ఊళ్ళో పని మీద ఉన్నాడు. అతను తిరిగొచ్చేదాకా బిడ్డ ఇంట్లోనే ఉండిపోయింది.

విచిత్రమేమిటంటే ఆ ఇంటి బిల్లులన్నీ నెలనెలా కట్టేది ఆ అమ్మాయే. ఏది ఏ తేదీకి కట్టాలో, ఏది ఆలస్యమైతే ఎంత జరిమానా పడుతుందో ఆమెకు కంఠతా వచ్చు. కానీ కట్టేది భర్త ఖాతాలోంచి, భర్త పేరున్న కార్డుతో. "మా సంఘంలో నెలకి వంద రూపాయలు కట్టినా పుస్తకంలో నా పేరు రాస్తారు గదమ్మా! అంత పెద్ద దేశంలో మా పిల్ల పేరు ఎక్కడా రాయరా?" అని అడిగిందామె. ఆ రోజు అక్కడున్న మేమెవరం వెంటనే జవాబు చెప్పలేకపోయాం.

బిల్లులు, కార్డులు, ఫీజులు అంటే ఇంటి పద్దుల వ్యవహారమనీ, స్త్రీల హక్కుల పత్రికలో చర్చించేంత విషయం కాదనీ కొందరికి అనిపించవచ్చు. మనం వరకట్నం గురించి, కూలి రేట్ల గురించి, ఆస్తి హక్కు గురించి మాట్లాడాం. కానీ ఆస్తి హక్కు కోసం పోరాడినప్పుడు మనం అడిగింది కూడా కాయితం మీద పేరే కదా! ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే హిందూ కుటుంబాల్లో ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా వచ్చింది. దేశమంతటా అది రావటానికి 2005 దాకా పట్టింది. పట్టాదారు పుస్తకంలో పేరు కోసం అన్నేళ్ళు కొట్లాడిన మనం, పరాయి దేశంలో మన కూతురి పేరు బ్యాంకు ఖాతాలో ఉందో లేదో అడగటం మర్చిపోతున్నాం.

ఈ ప్రాంతపు స్త్రీలకు లెక్కలు తెలియవని ఎవరూ అనలేరు. పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో మొదలైన సారా వ్యతిరేకోద్యమం అక్షరాలు నేర్చుకునే తరగతుల్లోంచే పుట్టింది. తాగుడికి పోయే డబ్బు ఆగిన ఇళ్ళల్లో రోజుకొక రూపాయి దాచుకోవటంతో పొదుపు సంఘాలు పెరిగాయి. మిరపకాయలు కోసి, పత్తి తీసి, పొగాకు బేళ్ళకి ఆకు గ్రేడింగు చేసి, పాకల రేవులో చేపలు అమ్మి సంపాదించిన ఆ రూపాయికి పుస్తకంలో ఒక గడి దొరికింది. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏమిటో, వాయిదా తప్పితే అపరాధం ఎంతో, తీర్మానం మీద ఎవరు సంతకం పెట్టాలో వీళ్ళకి ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. ఇన్ని తెలిసిన తల్లుల కూతుళ్ళు, వీళ్ళకంటే ఎక్కువ చదువుకున్న కూతుళ్ళు, విమానం దిగగానే లెక్కలోంచి మాయమైపోతున్నారు. ఇది తెలివికి సంబంధించిన సమస్య కాదు, పేరుకి సంబంధించిన సమస్య.

మన వైపు నుంచి స్త్రీలు దేశం దాటుతున్న దారులు ముఖ్యంగా రెండు. ఒకటి అమెరికా దారి. కొందరు సొంతంగా పై చదువులకి వెళుతున్నారు. చాలామంది అక్కడ ఉద్యోగం చేసే వాడి భార్యగా హెచ్-4 వీసా మీద వెళుతున్నారు. ఆ వీసా భాషలో ఆమె 'ఆధారపడిన వ్యక్తి'. ఇంజనీరింగు చదివిన పిల్లని కూడా ప్రభుత్వం కాయితం మీద అలాగే రాస్తుంది. రెండోది గల్ఫ్ దారి. కడప, గోదావరి, నెల్లూరు జిల్లాల నుంచి ఎన్నో ఏళ్ళుగా స్త్రీలు ఇంటిపని కోసం కువైట్, సౌదీ, మస్కట్ వెళుతున్నారు. అక్కడ ఆమె వీసా యజమాని చేతిలో ఉంటుంది. మొదటి స్త్రీ ఏసీ గదిలో కూర్చుని బిల్లు కడుతుంది, రెండో స్త్రీ ఎవరి వంటింట్లోనో నిలబడి జీతం కోసం ఎదురుచూస్తుంది. ఇద్దరి బతుకులూ ఒకటేనని మేం అనటం లేదు. కానీ ఇద్దరికీ డబ్బు మరొకరి పేరు దాటుకుని రావాల్సి ఉంటుంది.

ముందు అమెరికా సంగతి చూద్దాం. ఇక్కడ మనకి ఫోను తీసి గీతల బొమ్మకి చూపిస్తే కరెంటు బిల్లు కట్టేయటం అలవాటైపోయింది. 2016లో వచ్చిన యు.పి.ఐ. ద్వారా బ్యాంకు ఖాతాలోంచి కడితే మామూలుగా పైసా ఫీజు ఉండదు. కట్టటానికి డబ్బు తీసుకోవటం ఏమిటని ఇక్కడి నుంచి వెళ్ళిన వాళ్ళు ఆశ్చర్యపోతారు. అక్కడ ఒకే బిల్లుని ఐదారు రకాలుగా కట్టవచ్చు, ఒక్కో రకానికీ ఒక్కో ధర.

చెక్కు రాసి పోస్టులో పంపితే పోస్టల్ స్టాంపు ఖర్చు మాత్రమే. కానీ అది చేరటానికి రోజులు పడుతుంది, తేదీ దాటితే జరిమానా, ఖాతాలో డబ్బు లేక చెక్కు వెనక్కి వస్తే మరో జరిమానా. బ్యాంకు వెబ్‌సైటులో ఉండే బిల్లు చెల్లింపు సాధారణంగా ఉచితమే. అయితే కొన్ని బిల్లులకి బ్యాంకు కూడా కాయితం చెక్కే పంపుతుంది కాబట్టి వారం ముందు పెట్టుకోవాలి. ఖాతా నంబరు, రూటింగు నంబరు ఇచ్చి ప్రతి నెలా దానంతటదే తీసుకునేలా చెయ్యవచ్చు. ఇదీ ఎక్కువ చోట్ల ఉచితం. ఇలా ముందే ఒప్పుకున్న కోతని ఆపాలంటే మూడు పని దినాల ముందు బ్యాంకుకి చెప్పే హక్కు చట్టం ఇచ్చింది. అదే బిల్లుని కార్డుతో కడితే చాలా చోట్ల 'సౌకర్యం ఫీజు' వేస్తారు. నెలకి 1,500 డాలర్ల అద్దెని రెండున్నర శాతం ఫీజుతో కార్డు మీద కడితే నెలకి 37 డాలర్ల 50 సెంట్లు అదనం. ఏడాదికి 450 డాలర్లు. ఎవరికి సౌకర్యమో మరి!

ఇక ఖాతా, కార్డు రెండూ లేని మనిషి నగదు తీసుకుని దుకాణానికి వెళ్ళాలి. అక్కడ బిల్లుకింత అని ఫీజు, లేదా పోస్టాఫీసులో మనీ ఆర్డరు కొని దానికింత ఫీజు. అంటే డబ్బున్న వాడికి ఉచితం, లేనివాడికి ధర. మన ఊళ్ళో కిరాణా కొట్టులో విడిగా కొనుక్కునే వాళ్ళకే సరుకు ప్రియమైనట్టే ఇదీ.

కార్డుల ఫీజులు ఇంకొంచెం చిక్కు. కొత్తగా వెళ్ళిన పిల్లలు మొదటి నెలల్లో ఇక్కడి కార్డే గీస్తుంటారు. మన బ్యాంకుల కార్డుల్లో చాలావాటికి విదేశంలో వాడితే మూడున్నర శాతం దాకా ఫీజు, ఆ ఫీజు మీద 18 శాతం జి.ఎస్.టి. ఉంటాయి. 10,000 రూపాయల సరుకు కొంటే 350 రూపాయల ఫీజు, 63 రూపాయల పన్ను, మొత్తం 413 రూపాయలు అదనం. కొన్ని దుకాణాల్లో మిషను 'రూపాయల్లో కడతారా, డాలర్లలో కడతారా' అని అడుగుతుంది. మన రూపాయి కనపడగానే మన మనసు అటు పోతుంది. కానీ రూపాయి అంటే ఆ దుకాణం మిషను పెట్టిన మారకం రేటుకి ఒప్పుకున్నట్టే, అది సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. ఏ దేశంలో కొంటే ఆ దేశపు డబ్బులోనే కట్టటం మేలు.

అక్కడి క్రెడిట్ కార్డు వచ్చాక మరో ఉచ్చు ఉంది. బిల్లులో పెద్దక్షరాలతో 'కనీసం కట్టాల్సింది' అని ఒక చిన్న అంకె ఉంటుంది. అది కడితే జరిమానా పడదు, అంతే. మిగిలిన దాని మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. 2023 నుంచి అమెరికా కార్డుల సగటు వడ్డీ ఏడాదికి 20 శాతం పైనే ఉంటోంది. 24 శాతం వడ్డీ ఉన్న కార్డుని మన భాషలో చెప్పుకుంటే నూటికి నెలకి రెండు రూపాయల వడ్డీ. వెయ్యి డాలర్ల బాకీ ఉంచి నెలకి 30 డాలర్లు కడితే అందులో 20 వడ్డీకి పోతాయి, అసలు తగ్గేది 10 మాత్రమే. వడ్డీ వ్యాపారి గుమ్మం ముందు నిలబడితే భయపడే మనం, రంగు కార్డు మీద అదే వడ్డీ రాసి ఉంటే గుర్తుపట్టం. అదే కార్డుతో ఏ.టి.ఎం.లో నగదు తీస్తే పరిస్థితి మరీ ఘోరం. తీసిన రోజు నుంచే వడ్డీ, పైన ఫీజు.

డెబిట్ కార్డుకి మరో రకం ప్రమాదం. ఖాతాలో లేని డబ్బు ఖర్చు పెడితే బ్యాంకు తన డబ్బు వేసి ఒక్కోసారికి 30 డాలర్ల పైన కూడా ఫీజు తీసుకోవచ్చు. అయితే ఏ.టి.ఎం.లోనూ దుకాణంలోనూ కార్డు వాడినప్పుడు ఇలా చెయ్యాలంటే ఖాతాదారు ముందే ఒప్పుకుని ఉండాలని 2010లో నిబంధన వచ్చింది. ఖాతా తెరిచేటప్పుడు ఇచ్చే కాయితాల్లో ఆ గడిలో టిక్కు పెట్టకపోతే చాలు. కార్డు పోయినప్పుడూ రెంటికీ తేడా ఉంది. క్రెడిట్ కార్డుని ఎవరైనా దొంగతనంగా వాడితే మన బాధ్యత 50 డాలర్లు దాటకూడదని చట్టం. డెబిట్ కార్డు పోయిందని తెలిసిన రెండు పని దినాల్లోపు చెబితేనే ఆ 50 పరిమితి, ఆ తర్వాత 500 దాకా పోతుంది, ఖాతా లెక్క వచ్చి 60 రోజులు దాటినా చెప్పకపోతే మరింత పోవచ్చు. ఇది తెలియాలంటే లెక్క కాయితం ఆమె చేతికి రావాలి. ఇక ఫోను చేసి 'మీ కరెంటు కట్ చేస్తున్నాం, వెంటనే గిఫ్టు కార్డు కొని నంబరు చెప్పండి' అనేవాళ్ళు దొంగలు. నిజమైన కరెంటు కంపెనీ ఏదీ గిఫ్టు కార్డు అడగదు. కొత్త దేశంలో భయం మీద బతికే వాళ్ళనే వీళ్ళు ఎంచుకుంటారు.

ఈ లెక్కలన్నీ నేర్చుకోవటం అవసరమే. కానీ ఇక్కడితో ఆగిపోతే మనం ఆ అమ్మాయిని మంచి గుమాస్తాగా తయారు చేసినట్టే. భర్త డబ్బుని జాగ్రత్తగా ఖర్చుపెట్టే గుమాస్తాగా. అసలు విషయం ఇంకా ముందుంది.

అమెరికాలో మనిషికి రెండు చరిత్రలుంటాయి. ఒకటి అతను బతికిన చరిత్ర, రెండోది అతను అప్పు తీర్చిన చరిత్ర. ఈ రెండోదాన్ని బట్టి ఒక స్కోరు వేస్తారు. ఎక్కువగా వాడే ఫికో స్కోరులో 35 శాతం బరువు సకాలంలో కట్టటానికే. ఇల్లు అద్దెకి దొరకాలన్నా, కరెంటు కనెక్షనుకి డిపాజిట్ లేకుండా ఉండాలన్నా, కారు కొనాలన్నా ఆ స్కోరే చూస్తారు. మన దగ్గర ఎంత మంచి పేరున్నా అక్కడ మామూలుగా లెక్కలోకి రాదు. సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఇప్పుడు ఆలోచించండి. నాలుగేళ్ళ పాటు ఒక్క తేదీ తప్పకుండా బిల్లులు కట్టిన స్త్రీ కష్టమంతా ఎవరి చరిత్రలో పడింది? ఖాతా ఎవరిదో వాళ్ళ చరిత్రలో. రేపు ఆమె విడిగా బతకాల్సి వస్తే, లేదా భర్త పోతే, ఆ దేశం దృష్టిలో ఆమె నిన్న దిగిన మనిషి. ఇంటి చాకిరీకి లెక్క లేనట్టే ఈ చాకిరీకీ లెక్క లేదు.

ఇది మన స్త్రీల గొడవ మాత్రమే కాదు. ఆ దేశపు స్త్రీలకు కూడా భర్త సంతకం లేకుండా అప్పు ఇవ్వని రోజులు మొన్నమొన్నటివే. అక్కడి స్త్రీల ఉద్యమం కొట్లాడితే 1974లో సమాన రుణావకాశాల చట్టం వచ్చింది. స్త్రీ అనీ, పెళ్ళయిందనీ, కాలేదనీ అప్పు నిరాకరించకూడదని ఆ చట్టం చెప్పింది. తర్వాత 2009లో వచ్చిన కార్డుల చట్టం ప్రజలకి కొన్ని రక్షణలిచ్చింది. బిల్లు వచ్చాక కట్టటానికి కనీసం 21 రోజులుండాలంది. మొదటి ఏడాది ఫీజులు కార్డు పరిమితిలో 25 శాతం దాటకూడదంది. కానీ కట్టే స్తోమతు ఎవరికి వారికి విడిగా ఉండాలన్న దాని నియమాలు ఇంట్లో ఉండే భార్యలకి దెబ్బగా మారాయి. సంపాదన లేని భార్యకి సొంతంగా కార్డు రావటం కష్టమైంది. దాని మీద నిరసనలు వచ్చాక 2013లో నిబంధన మార్చారు. 21 ఏళ్ళు నిండిన వాళ్ళు తమకి నిజంగా అందుబాటులో ఉన్న కుటుంబ ఆదాయాన్ని దరఖాస్తులో చూపించుకోవచ్చు. ఈ ఒక్క సంగతి మన హెచ్-4 స్త్రీలలో ఎంతమందికి తెలుసు? 'నాకు ఉద్యోగం లేదు, నాకు కార్డు ఎవరిస్తారు?' అని అడగకుండానే ఊరుకున్న వాళ్ళు ఎంతమంది?

హెచ్-4 మీద వెళ్ళిన వాళ్ళలో కొందరికి, అంటే భర్త గ్రీన్ కార్డు ప్రక్రియ ఒక దశ దాటిన వాళ్ళకి, 2015 మే నుంచి పని చేసుకునే అనుమతి దొరికింది. మిగతా వాళ్ళకి పనీ లేదు, సోషల్ సెక్యూరిటీ నంబరూ లేదు. ఆ నంబరు లేకపోతే ఏమీ చెయ్యలేమన్నది సగం అబద్ధం. పరదేశీయుల విషయంలో పాస్‌పోర్టు నంబరు తీసుకుని ఖాతా తెరవటానికి అక్కడి నిబంధనలు బ్యాంకులకి అనుమతినిస్తాయి. ఒక బ్యాంకు కాదంటే మరో బ్యాంకుని అడగాలి. కొంత డబ్బు డిపాజిట్ పెట్టి తీసుకునే కార్డులున్నాయి, అవి చిన్నవే అయినా సకాలంలో కడితే ఆమె పేరు మీద చరిత్ర మొదలవుతుంది.

భర్త కార్డు మీద అదనపు కార్డు తీసుకున్నా ఆమె పేరు మీద కొంత చరిత్ర చేరవచ్చు. కానీ అది అసలు ఖాతాదారు దయ మీద నడిచేది, అతను ఫోను చేసి ఆపేస్తే ఆగిపోతుంది. ఉమ్మడి ఖాతా అంతకంటే మేలు. అయితే ఇద్దరిలో ఎవరైనా మొత్తం డబ్బు తీసేసుకోవచ్చు. కాబట్టి ఉమ్మడి ఖాతా ఉన్నా, చిన్నదైనా సరే, తనది అనే ఖాతా ఒకటి ఉండాలి. కరెంటు, నీళ్ళు, ఇంటర్నెట్ బిల్లుల్లో కనీసం ఒకదాని మీద ఆమె పేరు ఎక్కించాలి. అద్దె ఒప్పందంలో ఆమె పేరుండాలి. ఇవి డ్రైవింగు లైసెన్సుకి పనికొస్తాయి, బడికి పనికొస్తాయి, కోర్టు మెట్లెక్కాల్సి వస్తే అక్కడా పనికొస్తాయి.

కోర్టు మాట ఊరికే అనలేదు. మన దేశంలో 2005లో వచ్చిన గృహహింస చట్టం కొట్టటాన్నే కాదు, ఆర్థిక హింసను కూడా హింసగా గుర్తించింది. ఆమెకు హక్కున్న డబ్బుని అందకుండా చెయ్యటం, ఇంటి అవసరాలకి ఇవ్వకపోవటం, స్త్రీధనాన్ని లాగేసుకోవటం అన్నీ అందులోకి వస్తాయి. పరాయి దేశంలో ఈ హింసకి చప్పుడుండదు. పాస్‌వర్డు మార్చేస్తే చాలు. కార్డు ఆపేస్తే చాలు. కొన్న ప్రతి పాల ప్యాకెట్టూ అతని ఫోనులో మోగుతుంటే చాలు. ఇలాంటి స్త్రీల కోసమే అమెరికాలో దక్షిణాసియా స్త్రీలు 1985లో న్యూజెర్సీలో మానవిని, 1989లో న్యూయార్క్‌లో సఖిని, 1990ల మొదట్లో కాలిఫోర్నియాలో మైత్రిని, నారికని నిర్మించుకున్నారు. మన పిల్లలకి పచ్చళ్ళతో పాటు ఈ పేర్లు కూడా కట్టి పంపాలి.

ఇక గల్ఫ్ సంగతి. అక్కడ ఇంటిపని స్త్రీకి కార్డు ఫీజు కంటే ముందు వచ్చే ప్రశ్న, జీతం చేతికొస్తుందా అన్నది. కువైట్‌లో 2015లో చేసిన 68వ నంబరు చట్టం ఇంటి పనివాళ్ళకి రోజుకి 12 గంటలకు మించి పని ఉండకూడదనీ, వారానికొక సెలవుండాలనీ, పాస్‌పోర్టు యజమాని పెట్టుకోకూడదనీ చెప్పింది. 2016లో కనీస జీతం 60 దినార్లుగా నిర్ణయించారు. చట్టం ఉంది, కానీ నాలుగు గోడల మధ్య నగదు చేతిలో పెడితే ఎంత పెట్టారో, అసలు పెట్టారో లేదో ఎలా రుజువు చేస్తుంది? జీతం బ్యాంకు ద్వారా రావాలన్న డిమాండు అందుకే. సౌదీలో 2024 జూలై నుంచి ఇంటి పనివాళ్ళ జీతాలు దశలవారీగా ఎలక్ట్రానిక్ చెల్లింపుల్లోకి మారాయి. ఇది మంచిదే. కానీ జీతం కార్డు వచ్చినంత మాత్రాన సరిపోదు. ఆ కార్డూ దాని పిన్ నంబరూ యజమాని బీరువాలో ఉంటే, కాయితం మీద జీతం అందినట్టూ ఉంటుంది, ఆమె చేతికి రానట్టూ ఉంటుంది. కార్డు లేనప్పటికంటే అది ప్రమాదం. పాస్‌పోర్టు తన దగ్గరే ఉండాలని మనం ఎలా చెబుతున్నామో, కార్డూ పిన్నూ తన దగ్గరే ఉండాలని అంత గట్టిగా చెప్పాలి.

అక్కడి నుంచి ఇంటికి డబ్బు పంపటంలోనూ రెండు ధరలుంటాయి. ఒకటి కౌంటరు మీద రాసి ఉండే ఫీజు. రెండోది మారకం రేటులో దాగి ఉండేది. 'ఫీజు లేదు' అని బోర్డు పెట్టినవాడు రేటులో రెండు శాతం కోస్తే 20,000 రూపాయలకి 400 పోయినట్టే. అందుకే అడగాల్సిన ప్రశ్న ఫీజు ఎంత అని కాదు, 'నేను ఇన్ని దినార్లిస్తే మా అమ్మ చేతికి ఎన్ని రూపాయలు వస్తాయి?' అని. రెండు మూడు చోట్ల ఇదే ప్రశ్న అడిగితే నిజం బయటపడుతుంది. ప్రపంచ బ్యాంకు లెక్కల్లో ప్రపంచ సగటున 200 డాలర్లు పంపటానికి 6 శాతం పైగా ఖర్చవుతోంది. 2030 నాటికి దీన్ని 3 శాతం లోపుకి తేవాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టుకుంది. ఇంకా సగం దారి కూడా నడవలేదు. అమెరికాలో అయితే 2025లో చేసిన చట్టం ప్రకారం 2026 జనవరి 1 నుంచి నగదు, మనీ ఆర్డరు లాంటివి ఇచ్చి విదేశాలకి పంపే డబ్బు మీద 1 శాతం పన్ను వేశారు. అక్కడి బ్యాంకు ఖాతా నుంచి గానీ అక్కడి కార్డు మీద గానీ పంపితే ఆ పన్ను లేదు. ఖాతా లేని మనిషి మీదే భారం పడేలా లోకం నడుస్తోందనటానికి ఇంతకంటే రుజువేం కావాలి?

ఇంతా చెప్పాక, 'కాపురంలో నీది నాది అని వేరు చేస్తారా? భర్త మీద నమ్మకం లేదా?' అని అడిగే వాళ్ళుంటారు. సింగరాయకొండ సమావేశంలోనూ ఒక పెద్దాయన అడిగారు. దానికి ఒక సంఘం లీడరు చెప్పిన సమాధానమే మా సమాధానం. "మా సంఘంలో పదిమందిమీ ఒకే వీధి వాళ్ళం, ఒకరికొకరం ప్రాణం. అయినా చెక్కు మీద ఇద్దరి సంతకాలుంటాయి. నమ్మకం లేక కాదన్నా, నమ్మకం నిలబడాలని." కాయితం మీద పేరు రాస్తే చెదిరిపోయే కాపురం, రాయకపోయినా నిలబడదు. ఇంతెందుకు, మగవాడు తన పేరు మీద ఖాతా పెట్టుకున్నప్పుడు భార్య మీద నమ్మకం లేదా అని ఎవరూ అడగరే!

మనం చెయ్యాల్సిన పనులు పెద్దవేమీ కావు. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయి జీతమెంతో అడుగుతున్నారు. అమ్మాయి పేరు మీద అక్కడ ఖాతా ఎప్పుడు తెరుస్తారని కూడా అడగండి. ఆమె సర్టిఫికెట్ల అసళ్ళు, పాస్‌పోర్టు ఆమె చేతిలోనే ఉండాలి, నకళ్ళు పుట్టింట్లో ఉండాలి. ఇక్కడి ఖాతాలు కూడా ఆమె పేరుతోనే కొనసాగాలి, విదేశంలో స్థిరపడ్డాక వాటిని బ్యాంకులో చెప్పి ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించుకోవాలి. గల్ఫ్ వెళ్ళే స్త్రీ అయితే ముందే తన పేరు మీద ఇక్కడ ఖాతా తెరవాలి. పంపిన డబ్బు భర్త ఖాతాలోకో అన్న ఖాతాలోకో పోతే, ఏళ్ళ తర్వాత తిరిగొచ్చి చూసుకుంటే ఇల్లు వాళ్ళ పేరు మీద, అప్పు ఈమె పేరు మీద ఉన్న సందర్భాలు మన కార్యకర్తలందరికీ తెలిసినవే.

సంఘాలకీ, స్వచ్ఛంద సంస్థలకీ మా విన్నపం ఒకటుంది. ఊరి నుంచి ఎవరైనా ఆడపిల్ల దేశం దాటుతోందని తెలిస్తే, సామాన్లు సర్దే రోజుల్లో ఒక్క మధ్యాహ్నం ఆమెతో కూర్చోండి. బిల్లు ఎలా చదవాలో, కనీస మొత్తం అంటే ఏమిటో, మారకం రేటు ఎలా అడగాలో మన వడ్డీ భాషలోనే చెప్పండి. చెప్పటానికి బ్యాంకు మేనేజరే రానక్కర్లేదు, పదేళ్ళు సంఘం లెక్కలు రాసిన స్త్రీ చాలు. గల్ఫ్ వెళ్ళే వాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ప్రయాణానికి ముందు శిక్షణలో జీతం కార్డు, పిన్ నంబరు, డబ్బు పంపే ఖర్చు తప్పనిసరి పాఠాలు కావాలని అడుగుదాం. ఆ పాఠాలు తెలుగులో ఉండాలని అడుగుదాం. అమెరికా వెళ్ళే భార్యలకి అలాంటి శిక్షణ ఏదీ లేదు, చదువుకున్న వాళ్ళకెందుకని అనుకుంటారు కాబోలు. ఆ లోటు మనమే పూడ్చాలి.

ఆ తల్లి ప్రశ్నకి ఆ రోజు చెప్పలేని జవాబు ఇప్పుడు చెబుతున్నాం. రాస్తారమ్మా, అడిగితే రాస్తారు. ఆ దేశంలోనూ అడిగిన స్త్రీల పేర్లే కాయితం మీదికి ఎక్కాయి. మీ సంఘం పుస్తకంలో మీ పేరు కూడా ఎవరో దయతలచి రాసింది కాదు, వేలిముద్ర దగ్గర్నుంచి సంతకం దాకా మీరు నడిచి రాయించుకున్నది. ఈసారి ఫోనులో కూతురు మాట్లాడినప్పుడు, ఏం కూర వండావు, పిల్ల ఏం చేస్తోంది అని అడిగాక ఇంకొక్క మాట అడగండి. "అమ్మాయీ, ఈ నెల కరెంటు బిల్లు ఎవరి పేరు మీద వచ్చింది?"